ఫ్రిడ్జ్ లోపల ఆ చిన్న అక్షరం చూశారా?

సంపాదకులు గారికి నమస్కారం.

సెలవుకి రాజోలు దగ్గర మా పుట్టింటికి వచ్చి పది రోజులైంది. మా అమ్మ మీ ఆదివారం పేజీలన్నీ దాచి వంటింటి అరల్లో డబ్బాల కింద పరుస్తుంది, అలా పంచదార డబ్బా కింద కనబడింది, మీరు ఫ్రిడ్జ్‌ల మీద వేసిన రంగుల పేజీ. నిలబడే మొత్తం చదివేశాను. ఎన్ని తలుపులు, ఎన్ని లీటర్లు, తలుపు మీద తడితే లోపల లైటు ఎలా వెలుగుతుంది, ఏ రంగు గోడకి ఏ రంగు ఫ్రిడ్జ్ నప్పుతుంది, ఇవన్నీ ఉన్నాయి. "విదేశాల్లో ఉండే మనవాళ్లకీ ఉపయోగం" అని కింద ఒక ముక్క కూడా రాశారు. చెడిపోతే ఎవరు బాగుచేస్తారన్న మాట మాత్రం పేజీ అంతా వెతికినా లేదండీ. పదకొండేళ్లు మస్కట్‌లో కాపురం చేసి, ఒక ఫ్రిడ్జ్ వల్ల ఏడ్చి, ఇంకొకదాని వల్ల హాయిగా బతికినదాన్ని, అందుకే ఉండబట్టలేక రాస్తున్నాను.

మా ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్స్‌లో పని. మేము కాపురం పెట్టింది మస్కట్‌లోని రువి అనే పేటలో, పై అంతస్తు ఫ్లాటు, పైన ఎండ, వంటగదిలో ఏసీ లేదు. మేం దిగిన నెలలోనే ఒక విదేశీ కుటుంబం వాళ్ల దేశం వెళ్లిపోతూ సామానంతా అమ్మేస్తుంటే డబుల్ డోర్ ఫ్రిడ్జ్ 60 రియాళ్లకి వచ్చింది. వాళ్లు వాళ్ల దేశం నుంచి కంటైనర్‌లో తెచ్చుకున్నదట. తళతళలాడే స్టీలు, మనిషి ఎత్తు, తలుపు మూస్తే కారు తలుపు మూసినట్టు మెత్తటి చప్పుడు. మా తోడికోడలికి వీడియో కాల్‌లో చూపించి మురిసిపోయాను కూడా, అబద్ధం ఎందుకు.

అది జనవరి. చలికాలం బానే ఉంది. మే నెల వచ్చేసరికి దాని మోటారు పొద్దున్న మొదలుపెడితే రాత్రి దాకా ఆగడం లేదు, పక్క గోడల మీద చెయ్యి పెడితే అట్లపెనంలా కాలుతోంది. పెరుగు సాయంత్రానికే పులిసిపోయేది. కరెంటు బిల్లు చూసి మా ఆయన ఏసీ మీద అనుమానపడ్డారు కానీ ఫ్రిడ్జ్ మీద పడలేదు, ఫారిన్ సరుకు కదా!

ఆగస్టులో మా ఊరి కుర్రాడొకడు సెలవు నుంచి వస్తూ అమ్మ పంపిన పులస పులుసు పట్టుకొచ్చాడు. స్టీలు క్యాను, మూత చుట్టూ గోధుమపిండి మెత్తి, దాని మీద టేపు, దాని మీద గుడ్డ. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన వారంలో పట్టిన చేప. పుస్తెలమ్మైనా తినాలంటారు, ఆ ఏడాది రేటు చూస్తే పుస్తెలు నిజంగానే చాలేవి కావు. మేం తలో ముక్క తిని, మిగతాది వారాంతంలో స్నేహితుల్ని పిలిచి పెడదామని ఫ్రీజర్‌లో పెట్టాం. పక్కన రొయ్యలు రెండు కిలోలు, గోంగూర ఉడకబెట్టి ముద్దలు చేసినవి, కొబ్బరి కోరు. అన్నీ సర్దుకుని మూడు రోజులు సలాలా వెళ్లాం, ఆ నెలల్లో అక్కడ సన్నటి వాన పడుతూ కొండలన్నీ పచ్చగా ఉంటాయి, మస్కట్ ఎండలో మాడిన వాళ్లందరూ అటే పరిగెడతారు.

తిరిగొచ్చి ఇంటి తలుపు తీయగానే అర్థమైపోయింది. ఆ వాసన గురించి పత్రికలో రాయడం మర్యాద కాదు. ఫ్రీజర్ కింద నుంచి ఎర్రటి నీళ్లు కారి, గచ్చు మీద ఎండి, చీమలు బారులు తీరాయి. క్యాను మూత దానంతటదే లేచి ఉంది. నేను ముక్కుకి చున్నీ కట్టుకుని ఆ క్యాను కిందకి దించుతూ, అమ్మ మెంతులు వేయించి, వెన్న వేసి, ఎంతసేపు పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుందో అనుకుంటే కన్నీళ్లు ఆగలేదు. అమ్మకి మాత్రం ఫోన్‌లో "చాలా బాగుందమ్మా, అందరూ లొట్టలేసుకు తిన్నారు" అని చెప్పాను. ఈ ఉత్తరం అచ్చయితే అసలు సంగతి ఆవిడకి తెలిసిపోతుంది, తెలియనివ్వండి.

మర్నాడు మెకానిక్ వచ్చాడు, మలయాళీ, నాకన్నా చిన్నవాడు. ముందు ఆ ఫ్రిడ్జ్‌ని విప్పనే లేదు. కింద కూరగాయల సొరుగు లాగి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, లోపలి గోడకి అంటించిన స్టిక్కరు మీద మురికి బొటనవేలితో తుడిచి, "చేచ్చీ (అక్కా), ఇక్కడ చూడండి" అన్నాడు. మోడల్ నంబరూ, వోల్టేజీ, గ్యాసు పేరూ వీటన్నిటి మధ్య విడిగా ఒక్క అక్షరం, ఎన్. "ఇది చల్లటి ఊరి ఫ్రిడ్జ్. 32 డిగ్రీల దాకానే దీని చదువు" అని నవ్వాడు.

అప్పుడు తెలిసింది ఆ అక్షరం సంగతి. ఫ్రిడ్జ్‌లని చుట్టూ ఉండే వేడిని బట్టి తరగతులుగా చేసి తయారుచేస్తారు. ఎస్‌ఎన్ అంటే బయట 10 నుంచి 32 డిగ్రీలు ఉన్నంతవరకూ, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా లోపల చల్లదనం నిలబెట్టగలదని లెక్క. కొన్నిటి మీద రెండు చివర్లూ కలిపి ఎస్‌ఎన్-టీ అని కూడా ఉంటుంది, అది అన్నిటికీ పనికొస్తుంది. ఏసీ లేని గల్ఫ్ వంటగదిలో జూన్ మధ్యాహ్నం 40 దాటడం ఏమంత వింత కాదు. మన కోనసీమలోనూ మే నెలలో రేకుల వంటింట్లో ఎన్ తరగతి ఫ్రిడ్జ్ పెడితే దాని ప్రాణం తీసినట్టే. ఈ ఒక్క అక్షరం మీ పేజీలో ఒక మూల వేసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

సరే, అక్షరం సంగతి అలా ఉంచితే, దానిలో పోయింది ఎలక్ట్రానిక్ బోర్డు. నెలల తరబడి ఆగకుండా తిరిగీ తిరిగీ పోయిందని ఆ అబ్బాయి అన్నాడు. ఆ కంపెనీకి మస్కట్‌లో సర్వీసూ లేదు, స్పేర్లూ లేవు. బయట దేశం నుంచి తెప్పిస్తే ఆరు వారాలు, ఖర్చు మేము ఫ్రిడ్జ్‌కి పెట్టినదానికన్నా ఎక్కువ. మనిషి ఎత్తు స్టీలు ఫ్రిడ్జ్ చివరికి పాత సామాను వాడికి 5 రియాళ్లకి పోయింది. వాడు దాన్ని లిఫ్టులో దించుతుంటే మా వాచ్‌మన్ "మంచి ఫ్రిడ్జే, ఎందుకు అమ్మేస్తున్నారు" అని అడిగాడు, ఆ రోజు నాకు కోపం వచ్చింది అతని మీదే.

రెండోది కొనేటప్పుడు ఆ మెకానిక్ కుర్రాడినే వెంటబెట్టుకు వెళ్లాం. వాడు షోరూములో తలుపులూ, లైట్లూ ఏవీ చూడలేదు. ప్రతి దాని లోపలా తల పెట్టి స్టిక్కరు చదివాడు, జేబులోంచి ఒక రియాల్ నోటు తీసి తలుపులో సగం పెట్టి మూసి లాగాడు. నోటు గట్టిగా పట్టి వస్తే రబ్బరు బాగున్నట్టు, జారిపోయి వస్తే లేనట్టు. నాలుగు వైపులా లాగి చూడాలట, ముఖ్యంగా కింద మూలల్లో. తర్వాత సేల్స్‌మన్‌ని ఒకే ఒక ప్రశ్న అడిగాడు, "దీని బోర్డు ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది?" మూడు కంపెనీల దగ్గర సేల్స్‌మన్ దిక్కులు చూశాడు. నాలుగోవాడు అడ్రసు చెప్పాడు. అదే కొన్నాం. తెల్లగా, చతురస్రంగా, చూడ్డానికి హాస్పిటల్లో మందుల ఫ్రిడ్జ్‌లా ఉండేది. తొమ్మిదేళ్లు పనిచేసింది, మధ్యలో ఒక్కసారి తలుపు రబ్బరు మార్చాం. ఇల్లు మారేటప్పుడు ఒక పాలకొల్లు కుటుంబానికి ఇచ్చి వచ్చాం, ఇప్పటికీ తిరుగుతోందట.

ఇన్వర్టర్ కంప్రెసర్ గురించి మీరు చాలా గొప్పగా రాశారు. నిజమే, పాత మోటారు అయితే పూర్తి వేగంతో తిరగడం లేదా పూర్తిగా ఆగడం, ఇది అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటూ తిరుగుతుంది, కరెంటు తక్కువ, చప్పుడు తక్కువ. నేను ఇప్పుడు వాడుతున్నదీ అదే. కానీ దాన్ని నడిపేది బోర్డు. "కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ" అని తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటిస్తారే, అది చాలావరకు కంప్రెసర్ ముక్క ఒక్కదానికే. బోర్డుకీ, గ్యాస్‌కీ, వచ్చిన మనిషి కూలికీ ఎన్నాళ్లో ఆ చిన్న పుస్తకంలో వెనక పేజీలో ఉంటుంది. కొనకముందే ఆ పేజీ ఫోటో తీసి పంపమని అడగండి, పంపకపోతే అదే సమాధానం.

గ్యాస్ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు చాలా ఫ్రిడ్జ్‌ల్లో చల్లబరిచే గ్యాసుగా ఆర్600ఏ అని వస్తోంది, అంటే ఐసోబ్యూటేన్, ఒక రకంగా వంటగ్యాసు చుట్టమే. వాతావరణానికి పాత ఆర్134ఏ కన్నా చాలా మేలు, ఉండేది కూడా గ్రాముల్లోనే, అందుకని భయపడక్కర్లేదు. కాకపోతే మండే గ్యాసు. దాన్ని బాగుచేయడం తెలిసినవాడే చేయాలి, ముట్టించిన టార్చితో పాత పద్ధతిలో పైపు అతికేవాణ్ని దగ్గరికి రానివ్వకూడదు. మన ఊళ్లలో ఎవరికి వచ్చో ఎవరికి రాదో అడిగి తెలుసుకోవడమే.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ అద్దె ఫ్లాటులో ఫ్రిడ్జ్ ఇంటివాళ్లదే, చెడిపోతే వాళ్లకే ఫోన్ చేస్తారు, కాబట్టి ఆ గొడవ లేదు. సొంత ఇల్లు కొన్నాక మోజుపడి తలుపులోంచి ఐసూ నీళ్లూ వచ్చేది కొంది. ఐస్ చేసే యంత్రం రెండేళ్లలో రెండుసార్లు పోయింది, నీళ్ల ఫిల్టరు ఆర్నెల్లకోసారి మార్చాలి. "అక్కా, ఐస్ ట్రేలో నీళ్లు పోసుకుంటే సరిపోయేది" అంటుంది ఇప్పుడు. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

జర్మనీలో మా మేనత్త కొడుకుది ఇంకో కథ. అక్కడ చాలా అద్దె ఇళ్లు వంటగది సామాను కూడా లేకుండా ఖాళీగా ఇస్తారట, సింకుతో సహా మనమే పెట్టుకోవాలి. వాడు షాపుకెళ్లి అన్నిటి మీదా కరెంటు పొదుపు గ్రేడు E, F అని ఉండటం చూసి ఇవన్నీ నాసిరకం అనుకుని తిరిగొచ్చేశాడు. 2021 మార్చి 1 నుంచి యూరప్‌లో పాత ఏ ప్లస్ ప్లస్ ప్లస్ తీసేసి, ఏ నుంచి జీ దాకా కొత్త కొలత పెట్టారు, అది బాగా కఠినం, అందులో సీ, డీ వచ్చినా మంచిదే. అక్కడ ఒక మంచి పద్ధతి కూడా ఉంది. మోడల్ అమ్మడం ఆపేశాక కూడా సెన్సార్లు, బోర్డుల్లాంటి ముఖ్యమైన స్పేర్లు కనీసం 7 ఏళ్లు, తలుపు రబ్బరు 10 ఏళ్లు దొరికేలా చూడాలని తయారీదారుల మీద నియమం పెట్టారు. మన స్టార్ల లేబుల్ మీద కూడా ఈ మాట ఉండాలని మీలాంటి పత్రికలు అడిగితే బాగుంటుంది. స్టార్ల మాటకొస్తే, కొలత ఎప్పటికప్పుడు బిగిస్తారు కాబట్టి పాత ఏడాది ఐదు నక్షత్రాలూ కొత్త ఏడాది ఐదు నక్షత్రాలూ ఒకటి కావు. నక్షత్రాలు లెక్కపెట్టే బదులు కింద రాసిన ఏడాదికి ఎన్ని యూనిట్లో ఆ అంకె చూడండి.

ఇంకో మాట, గల్ఫ్ నుంచి ఫ్రిడ్జ్ ఇంటికి పంపాలనుకునేవాళ్లకి. మా వీధిలో ఒక బాబాయ్ గారు సౌదీలోని దమ్మామ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చేస్తూ, పెద్ద ఫ్రిడ్జ్ ఓడ కార్గోలో వేసి మలికిపురం తెచ్చుకున్నారు. గల్ఫ్ దేశాల్లో సౌదీ ఒక్కదాంట్లోనే కరెంటు 60 హెర్ట్జ్, మిగతా అన్నిచోట్లా మనలాగే 50. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. ఈయన వోల్టేజీ సరిపోయిందా లేదా చూసుకున్నారు, స్టెబిలైజర్ కూడా పెట్టారు, కానీ స్టెబిలైజర్ వోల్టు సరిచేస్తుంది కానీ హెర్ట్జ్ మార్చలేదు కదా. 60కి చేసిన పాతరకం మోటారు 50 మీద నెమ్మదిగా తిరిగి, ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, రెండు వేసవులు కాకుండానే కాలిపోయింది. స్టిక్కరు మీద 50/60 అని రెండూ ఉంటే పర్లేదు. దానికి తోడు అక్కడి చదరపు పిన్నుల ప్లగ్గు ఇక్కడ పట్టదని కోసేసి రెండు పిన్నుల ప్లగ్గు తగిలించారు, అంటే ఎర్తు పోయింది. వానాకాలం తడిగచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు తీస్తే పిన్ని గారికి చెయ్యి ఝుమ్మనేదట, ఆవిడ "ఫారిన్ ఫ్రిడ్జ్ కదా, అలాగే ఉంటుందేమో" అనుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడో పిన్ను ఉండేది మన ప్రాణం కోసమండీ, దయచేసి దాన్ని కొయ్యకండి.

ఇక ఇక్కడ, మా అమ్మ ఫ్రిడ్జ్. పాతది ఆల్విన్, హైదరాబాద్‌లో తయారైంది, ఎర్ర రంగు, ఒకటే తలుపు, నా చిన్నప్పుడు కొన్నది. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, నాన్న పొలం దస్తావేజులూ రేషన్ కార్డూ అమ్మ పట్టుచీరా తెచ్చి ఆ ఫ్రిడ్జ్‌లో పెట్టి తలుపు తాడుతో కట్టేశారు, ఇంట్లో బిగువుగా మూసుకునే పెట్టె అదొక్కటే. తెల్లారి చూస్తే బీరువాలో బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి, ఫ్రిడ్జ్‌లో కాగితాలు ఎక్కడివక్కడే పొడిగా ఉన్నాయి. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫ్రిడ్జ్ బియ్యం డబ్బాల అలమర అయింది. కరెంటు వచ్చాక మళ్లీ మామూలుగా తిరిగింది. బోర్డూ లేదు, బొమ్మా లేదు, ఏం పోతుంది పాపం.

అలాంటివి ఇప్పుడు దొరకవు, దొరికినా అది తినే కరెంటుకి కట్టలేం. ఆవిడకి కొత్తది కొనడానికే ఈసారి వచ్చాను. మస్కట్ నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేసి పంపేద్దామని మా ఆయన అన్నారు, విదేశాల్లో ఉన్న పిల్లలందరం అదే చేస్తాం, ఫోన్‌లో బొమ్మ చూసి నొక్కేస్తాం. నేను ఒప్పుకోలేదు. ఇక్కడి కష్టాలు వేరు. సాయంత్రం రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేసే వేళకి మా వీధిలో బల్బు గుడ్డిదైపోతుంది. సముద్రం దగ్గర, ఉప్పుగాలికి ఫ్రిడ్జ్ వెనక రేకు, కింద కాళ్లు తుప్పు పట్టిపోతాయి. వెనక వెచ్చగా ఉంటుందని బల్లులు చేరతాయి, బోర్డు మీద బల్లి పాకి కాలిపోయిన ఫ్రిడ్జ్ మా ఊళ్లోనే రెండు ఇళ్లలో ఉంది. వీటిలో ఒక్కటైనా ఫోన్ బొమ్మలో కనిపిస్తుందా?

అందుకని షాపుకి పోకుండా ముందు రాజోలులో మెకానిక్ కొట్టుకి వెళ్లాను. పెద్దాయన, అమ్మ పాత ఫ్రిడ్జ్‌ని చూసినవాడే. "బాబాయ్ గారూ, మీరు ఎక్కువ బాగుచేసేది ఏది?" అని అడిగితే, "నేను ఎక్కువ బాగుచేసేది ఎందుకు కొంటావమ్మా, ఎక్కువగా అమ్ముడై నా దగ్గరికి తక్కువగా వచ్చేది కొను" అన్నారు. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు, పదకొండేళ్లుగా నేను తప్పు ప్రశ్న అడుగుతున్నానన్నమాట. రెండు మోడళ్లు చెప్పి, వాటి బోర్డు రాజమండ్రిలో పొద్దున్న ఫోన్ చేస్తే సాయంత్రం బస్సులో వస్తుందన్నారు. అందులో ఒకటి, టీ తరగతి, సింగిల్ డోర్, 190 లీటర్ల చిల్లర. అమ్మ ఒక్కర్తికి చాలు. గోడకి జానెడు ఎడం పెట్టి, చిన్న చెక్కపీట మీద ఎత్తి, వెనక సందుల దగ్గర దోమతెర ముక్క గాలికి అడ్డం రాకుండా కట్టారు, బల్లుల కోసం. స్టెబిలైజర్ గోడకి బిగించారు. దించగానే ప్లగ్గు పెట్టకుండా నాలుగు గంటలు నిలబెట్టి ఉంచమన్నారు, ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు కదా, కంప్రెసర్‌లో నూనె కిందకి దిగాలని.

ఆ నాలుగు గంటలూ అమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. రంగు నచ్చలేదట, పాతదానిలా ఎర్రది కావాలట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజోలు (ప్రస్తుతం మస్కట్ వాసి)